గోడ మీది టైరు

బుధవారం పొద్దున పది గంటలకి నెవార్దో ఆ టైరుని రెండు చేతుల మీదా ఎత్తుకుని వచ్చాడు, బాప్తిస్మానికి పసిబిడ్డని తెచ్చినట్టు. అతని వెనక మోటార్‌సైకిల్ క్లబ్బు మనుషులు నలుగురు. వాళ్ళ వెనక అతని తమ్ముడి కూతురు మార్యోరి, నీలం రంగు రేసు బండిని ఇంజను ఆపి తోసుకుంటూ. కొండ మీది మనిసాలెస్‌లో ఆ నెలలో ఎండ కనిపించడమే అదృష్టం. ఆ కాస్త ఎండలో టైరు నిగనిగలాడిపోతోంది.

టైర్ల షాపు ముందు రుబియేలా పాల వ్యాను ట్యూబుకి ప్యాచ్ వేస్తోంది. చేతులు తుడుచుకుంటూ లేచింది.

"ఏంటి దోన్ నెవార్దో, ఊరేగింపా? బ్యాండు మేళం మర్చిపోయారే!"

"నవ్వకు రుబియేలా. ఇది మా ఒరాసియోది."

ఆమె నవ్వు అక్కడే ఆగిపోయింది. ఆ టైరు తెలియనివాళ్ళు లా ఎనేయా బస్తీలో లేరు. నెవార్దో ఇంట్లో భోజనాల బల్ల ఎదురుగా గోడకి వేలాడుతూ ఉంటుంది. దాని మధ్య గుండ్రటి ఖాళీలో ఒరాసియో ఫొటో, హెల్మెట్టు చంకలో పెట్టుకుని నవ్వుతూ. చివరి పందెం ఆ టైరు మీదే గెలిచాడు. తర్వాత జబ్బు చేసి ఆర్నెల్లు తిరక్కుండానే పోయాడు. పోయి పన్నెండేళ్ళు.

"ఆదివారం వాడి పుట్టినరోజు," అన్నాడు నెవార్దో. "ఏటా వెళ్ళినట్టే లెత్రాస్ కనుమకి వెళ్తున్నాం. ఈసారి ఈ పిల్ల కూడా వస్తోంది, వాళ్ళ నాన్న బండి మీద. నాన్న బండి, నాన్న టైరు. ఎలా ఉంది నా ఆలోచన?"

వెనక నలుగురూ తలలూపారు. ఒకడు కళ్ళు కూడా ఒత్తుకున్నాడు. మార్యోరి మాత్రం బండి హ్యాండిల్ వైపే చూస్తోంది.

రుబియేలా టైరుని అందుకుని నేల మీద నిలబెట్టి చుట్టూ తిప్పింది. పక్క గోడ మీద నాలుగంకెలు దొరికాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. లెక్క వేసుకుంది. బొటనవేలి గోరు గాడి అంచున గుచ్చి చూసింది. గోరు దిగలేదు. వంగి వాసన చూసింది. ఏదో చెప్పబోయి, నలుగురి మొహాలూ చూసి, నోట్లోనే మింగేసింది.

"ఇది వెయ్యను దోన్ నెవార్దో."

"ఏం? సైజు సరిపోదా?"

"సైజు బంగారంలా సరిపోతుంది. వయసు సరిపోదు. పన్నెండేళ్ళు దాటింది."

"గాడి చూడవే తల్లీ! గాడి ఎంత లోతుందో! పాతిక రౌండ్లు కూడా తిరగలేదు. కొత్తదాని కంటే కొత్తగా ఉంది."

"గాడి ఉంది. రబ్బరు చచ్చిపోయింది."

ఆ మాట అలా అనకుండా ఉండాల్సింది. అనేశాక తెలిసింది. నెవార్దో మొహం కందగడ్డ అయిపోయింది.

"ఏంటి చచ్చిపోయింది? నా తమ్ముడి టైరుని పట్టుకుని నా ఎదురుగా చచ్చిపోయింది అంటావా?"

"టైరుని అన్నాను. ఒరాసియోని కాదు. ఇది రేసు టైరు, మంచి రోజుల్లోనే వేడెక్కితే గాని పట్టు ఉండదు. పైన లెత్రాస్‌లో చలి, మంచు, తడి రోడ్డు. ఈ పిల్లకి ఆ దారి కొత్త. కావాలంటే నన్ను తిట్టండి, నా చేత్తో మాత్రం దీన్ని ఆ చక్రానికి ఎక్కించను."

"మా క్లబ్బు బండ్లు పద్దెనిమిదీ నీ దగ్గరికే వస్తున్నాయి, గుర్తుందా?"

"గుర్తుంది."

"రేపట్నించి ఒక్కటి కూడా రాదు."

ఆ పద్దెనిమిదీ పోతే రుబియేలా పనిలో సగం పోయినట్టే. మిగిలేది పాల వ్యాన్లూ, బంగాళాదుంపల లారీలూ. అయినా టైరుని తిరిగి అతని చేతుల్లో పెట్టింది, జాగ్రత్తగా, అతను తెచ్చినంత జాగ్రత్తగానూ.

"రాకపోతే మానె," అంది. మళ్ళీ పాల వ్యాను ట్యూబు ముందు కూర్చుంది.

వాళ్ళు వెళ్ళాక పక్కనే కాఫీ అమ్మే ఆర్నుల్ఫో ఒక చిన్న గ్లాసు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. "అక్కయ్యా, నీ నోరుంది చూశావూ, అది లేకపోతే ఈపాటికి నీకు రెండు షాపులుండేవి."

"నోరు లేకపోతే ఈపాటికి ఆ శ్మశానంలో ఇంకో రెండు గోతులుండేవి. చక్కెర తక్కువైంది, పో."

*

గురువారం ఒక్క రేసు బండి కూడా ఆగలేదు. రోజూ అటుగా పోతూ హారన్ కొట్టి చెయ్యి ఊపేవాళ్ళు, ఇవాళ తలలు అటు తిప్పుకుని పోయారు. ఒకడు మాత్రం, పొట్టి ఎవెలియో, అలవాటుగా చెయ్యి లేపి మళ్ళీ గుర్తొచ్చి దించేసుకున్నాడు. రుబియేలాకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. వాడికి పంక్చర్ పడితే వానలో తడుస్తూ నాలుగు కిలోమీటర్లు నడిచి వెళ్ళి బండి తెచ్చింది ఎవరు? పోనీలే అనుకుని లారీ చక్రం నట్ల మీద కసి తీర్చుకుంది.

సాయంత్రం నాలుగింటికి మార్యోరి వచ్చింది. పెద్దాసుపత్రి ల్యాబులో రక్తం తీసే ఉద్యోగం ఆ అమ్మాయిది. తెల్లకోటు సంచిలో కుక్కి, తలుపు దగ్గర అపరాధిలా నిలబడింది.

"కోపంగా ఉందా అక్కా?"

"నీ మీదా? నీ మీద ఎందుకే పిచ్చిమొహమా! రా, కూర్చో."

"నాక్కూడా ఆ టైరు వద్దు," గబగబా అనేసింది మార్యోరి. "చూస్తేనే భయమేస్తోంది. కానీ ఎలా చెప్పాలి? పెదనాన్న నన్ను పెంచారు. నిన్న ఇంటికెళ్ళాక భోజనం కూడా చెయ్యలేదు."

రుబియేలా లేచి బయట నిలిపిన నీలం బండి దగ్గరికి వెళ్ళింది. బండి వెనక టైరుని చేత్తో తడిమింది. రోజూ తిన్నటి రోడ్డు మీద ఆసుపత్రికీ ఇంటికీ తిరిగి తిరిగి మధ్యలో బల్లపరుపుగా అరిగిపోయింది. మధ్యభాగానికీ పక్కభాగానికీ నడుమ చేతికి గట్టులా తగులుతోంది. వంపులో బండి ఆ గట్టు మీదికి ఎక్కినప్పుడల్లా ఒళ్ళు జలదరించి ఉంటుంది పిల్లకి.

"వంపుల్లో బండి ఉన్నట్టుండి పడిపోబోతున్నట్టు అనిపిస్తోందా?"

"అవును! నాకే నడపడం రాదేమో అనుకున్నా."

"నీకు వచ్చు. దీనికే రాదు. ఆదివారం సంగతి పక్కన పెట్టు, ఇది ఎలాగూ మార్చాలి." రుబియేలా అటక మీంచి మూడు టైర్లు దింపింది. "ఇది చూడు, గాళ్ళు దాదాపు లేవు. మీ పెదనాన్నకి దీన్ని చూస్తే నోరూరుతుంది. ఎండలో, పందెంలో రాజు. వానలో సబ్బుబిళ్ళ. ఇది రెండోది, ముసలాళ్ళ టైరు. ఇరవై వేల కిలోమీటర్లు అరగదు, కానీ నీ బండికి వేస్తే బండి సిగ్గుతో చచ్చిపోతుంది."

మార్యోరి రెండు రోజుల్లో మొదటిసారి నవ్వింది. "మరి మూడోది?"

"పొద్దున్నే ఎన్నింటికి బయల్దేరతావు?"

"ఐదున్నరకి. చీకట్లో."

"తడి ఉంటుంది కదూ?"

"ఎప్పుడు లేదక్కా ఇక్కడ?"

"అయితే ఇదే నీది. మధ్యలో గట్టి రబ్బరు, తొందరగా అరగదు. పక్కల మెత్తన, వంగినప్పుడు పట్టుకుంటుంది. ఈ గాళ్ళు నీళ్ళని పక్కకి తోసేస్తాయి. ముందు చక్రానికి వేసవిలో నేను వేసింది కూడా ఇదే రకం, రెండిటికీ జోడీ కుదురుతుంది. గోరు గుచ్చు. చూడు, ఎలా దిగిందో! తొమ్మిది వారాల క్రితం పుట్టింది, ఇంకా దీనికి పాల వాసన కూడా పోలేదు."

మార్యోరి టైరుని ఒళ్ళోకి తీసుకుని కూర్చుంది. వేయించుకుంటానని మాత్రం అనలేదు. రుబియేలా తొందరపెట్టలేదు. టైరు మీద సుద్దముక్కతో ఆ అమ్మాయి పేరు రాసి పక్కకి నిలబెట్టింది.

"ముందు ఆయనకి నువ్వే చెప్పు. నా పేరు చెప్పి తప్పించుకోకు. నాకు వద్దు పెదనాన్నా అని నీ నోటితో చెప్పు. ఆయన అరుస్తాడు. అరిస్తే ఎముకలు విరగవు."

*

శుక్రవారం మధ్యాహ్నం వాన కొండ మీంచి దిగింది. రెండున్నరకి ఒక జీపు షాపు ముందు ఆగింది. అందులోంచి నెవార్దో దిగాడు. కుడి మణికట్టుకి పిండికట్టు, మెడలోంచి వేలాడే గుడ్డలో చెయ్యి. తోలు జాకెట్టు భుజం దగ్గర చీరుకుపోయి ఉంది.

ఆర్నుల్ఫో కాఫీ పోస్తున్నవాడల్లా పొయ్యడం మర్చిపోయాడు. రుబియేలా పరుగున వెళ్ళింది.

"పిల్ల? పిల్ల ఎక్కడ?"

"పిల్ల ఆసుపత్రిలో ఉంది. కంగారు పడకు, ఉద్యోగంలో ఉంది. నా చేతికి సూది పొడిచింది కూడా అదే." నెవార్దో తిరగేసిన బకెట్టు మీద కూలబడ్డాడు. రెండు రోజుల్లో పదేళ్ళు పెరిగినట్టున్నాడు. "నిన్న రాత్రి నా మొహం మీదే చెప్పేసింది, ఆ టైరు నాకు వద్దని. నాకు పిచ్చెక్కింది. మీ ఆడవాళ్ళిద్దరికీ నేను చూపిస్తాను అన్నాను. పొద్దున్నే బస్సుల స్టాండు దగ్గర ఎవడి చేతో నా బండికే వేయించుకున్నా. లెత్రాస్ దాకా వెళ్ళి వచ్చి, నీ షాపు ముందు నిలబెట్టి, చూడవే అందామని."

"ఎంతదూరం వెళ్ళారు?"

"ఎంతదూరమా? వేడినీళ్ళ బుగ్గల కింద మొదటి మలుపు. ముప్పై అయిదులో ఉన్నా రుబియేలా, సాక్షాత్తూ ముప్పై అయిదు. బండిని ఇంకా వంచనైనా లేదు. వెనక చక్రం అలా మాయమైపోయింది. చప్పుడు లేదు, హెచ్చరిక లేదు. నేను రోడ్డు మీద వెల్లకిలా జారుతున్నా, ఎదురుగా దుంపల లారీ. వాడెవడో దేవుడిలాంటి డ్రైవరు, నా బూట్లకి మీటరు దూరంలో ఆపాడు."

రేసు బండ్ల గుంపు ముందు సింహంలా నడిచే మనిషి, అక్కడ బకెట్టు మీద కూర్చుని, బాగున్న చేత్తో మొహం కప్పుకున్నాడు.

"ఆ తడిలో పడుకుని ఒక్కటే అనుకున్నా. నా బదులు ఇక్కడ ఆ పిల్ల పడి ఉండేది. ఆదివారం, పాతికమంది చప్పట్లు కొడుతుండగా, వాళ్ళ నాన్న పేరు చెప్పి నేనే దాన్ని ఇక్కడికి తెచ్చి పడేసేవాణ్ణి. క్లబ్బు మగాళ్ళందరూ నాకు భేష్ అన్నారు. కాదు అన్నదానివి నువ్వొక్కదానివే. దానికి నేనేం చేశాను? నీ కడుపు కొట్టాను."

రుబియేలాకి తిట్టేవాళ్ళకి జవాబు చెప్పడం వచ్చు, దణ్ణం పెట్టేవాళ్ళకి రాదు. వెళ్ళి ఆర్నుల్ఫో చేతిలో ఆగిపోయిన గ్లాసు లాక్కొచ్చి ఇచ్చింది. "తాగండి. మీరు బతికారు, పిల్ల బాగుంది. నాకింకేం కావాలి? దేవుడు చల్లగా చూశాడు."

నెవార్దో రెండు గుక్కలు తాగి గొంతు తగ్గించాడు. "ఇంకో సంగతి. లేచాక టైరు మీద చెయ్యి పెట్టి చూశా. వేళ్ళకి జిడ్డు. వాన నీళ్ళు దాని మీద నిలబడకుండా పూసల్లా దొర్లుతున్నాయి. వయసొక్కటే కాదు, అవునా?"

ఆమె తల దించుకుంది.

"అమ్మ," అన్నాడు. "శనివారం శనివారం మా అమ్మ దాన్ని దింపి, కార్లలోపల మెరుపుకి పూస్తారే, ఆ పాలిష్ పూసి, గుడ్డతో రుద్ది మళ్ళీ తగిలిస్తుంది. పన్నెండేళ్ళు. నీకు బుధవారమే తెలుసు."

"వాసన పట్టాను."

"మరి చెప్పలేదేం? ఆ ఒక్క ముక్క చెబితే నేను నోరు మూసుకునేవాణ్ణి కదా!"

"నలుగురి ముందా?" అంది రుబియేలా. "మీ అమ్మ చేత్తో పూసిందే ఆమె మనవరాలి ప్రాణం తీస్తుంది అని నలుగురి ముందు చెప్పమంటారా? సాయంత్రానికి బస్తీ అంతా పాకేది. ఆ పెద్దావిడ చెవిన పడితే మళ్ళీ ఆ గుడ్డ ముట్టుకునేదా? అంతకంటే మీరు నన్ను తిట్టుకోవడమే నయం."

నెవార్దో గ్లాసు కింద పెట్టాడు. తర్వాత బాగున్న చెయ్యి చాచి ఆమె నల్లటి చెయ్యి పట్టుకున్నాడు. వాన రేకుల మీద దంచుతోంది, ఆర్నుల్ఫో ఎందుకో అటు తిరిగి గ్లాసులు కడుక్కుంటున్నాడు.

*

శనివారం మార్యోరికి సెలవు. నెవార్దో కూడా వచ్చాడు, ఒంటిచేత్తో పనిముట్లు అందిస్తానని. "పదిహేడు నంబరు పానా," అంటే పంతొమ్మిది ఇచ్చాడు. "అస్తమానూ ముందు కూర్చునేవాళ్ళకి పనిముట్ల పేర్లేం తెలుస్తాయి," అని రుబియేలా నవ్వింది. అతనూ నవ్వాడు.

ఆమె బండిని స్టాండు మీదికి లేపి, ఇరుసు నట్టు వదులు చేసి, చైను దింపి, వెనక చక్రం బయటికి లాగింది. గాలి తీసి, పాత టైరు అంచుని మిషనుతో రిమ్ము నుంచి విడదీసింది. రిమ్ముకి గీత పడకుండా ప్లాస్టిక్ ముక్కలు పెట్టి, పొడుగాటి ఇనప కడ్డీలతో అంచుని కొంచెం కొంచెంగా పైకి తీసింది. ఖాళీ రిమ్ము లోపలంతా గుడ్డతో తుడిచి, వాల్వు పీకేసి కొత్తది పెట్టింది.

"పాత వాల్వు బాగానే ఉందిగా?" అన్నాడు నెవార్దో.

"మీ టైరు కూడా బాగానే ఉందన్నారు."

"అయ్యో, చాలు తల్లీ, చాలు!"

కొత్త టైరు పక్క మీది బాణం గుర్తు చక్రం తిరిగే వైపుకి ఉందో లేదో రెండుసార్లు చూసుకుంది. టైరు తేలిక వైపుని చూపే పసుపు చుక్కని వాల్వు దగ్గరికి తెచ్చింది. అంచులకి సబ్బునీళ్ళు రాసి, మోకాలితో అదిమి, చివరి జానెడూ మార్యోరి చేతనే కడ్డీతో ఎక్కించింది. అమ్మాయి పళ్ళు బిగబట్టి తోసింది. గాలి పడుతుంటే టైరు ఉబ్బి, ముందు ఒకవైపు ఠప్పుమంది, తర్వాత రెండోవైపు. మార్యోరి ఉలిక్కిపడింది.

"ఆ రెండు చప్పుళ్ళూ వింటేనే నాకు తిన్నది అరుగుతుంది," అంది రుబియేలా.

చక్రాన్ని స్టాండు మీద వదిలితే మెల్లగా తిరిగి ఒకచోట ఆగింది. ఎదురువైపు చిన్న సీసపు బిళ్ళ అంటించింది. మళ్ళీ తిప్పింది. ఈసారి ఎక్కడ వదిలితే అక్కడే నిలబడింది. బండికి బిగించి, చైను రెండు వైపులా ఒకే గీత మీద ఉందని చూసి, నట్టు బిగించి, అప్పుడు చెప్పింది.

"ఇప్పుడు వినండి, ఇద్దరూ. కొత్త టైరు ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు పైన నున్నగా ఉంటుంది. మొదటి వంద కిలోమీటర్లూ తొందర పడకూడదు. మెల్లగా, వంపు వంపుకీ కొంచెం కొంచెం ఎక్కువ వంచుతూ. లెత్రాస్‌కి వెళ్ళి రావడానికి అరవైకి పైనే అవుతుంది. వెళ్ళడమూ మెల్లగానే, రావడమూ మెల్లగానే. నలభై దాటితే నాకు తెలిసిపోతుంది."

"ఎలా తెలుస్తుంది?" అంది మార్యోరి.

"టైరు చెబుతుంది. పక్కలు చూస్తే నీ ప్రయాణం అంతా చదివేస్తాను."

*

ఆదివారం తొమ్మిదింటికి పద్దెనిమిది బండ్లు వరసగా వచ్చి షాపు ముందు ఆగాయి. అన్నిటి ముందూ నీలం బండి. ఎవెలియో హెల్మెట్టు తీసి, సిగ్గుపడుతూ, చెయ్యి పైకెత్తి ఊపాడు, గురువారం నాటి బాకీతో కలిపి రెండుసార్లు.

నీలం బండి వెనక సీటు అరచెయ్యంత ఉంటుంది. దాని మీద, మోకాళ్ళు గడ్డం దాకా ముడుచుకుని, పిండికట్టు చెయ్యి ముందు పెట్టుకుని నెవార్దో కూర్చున్నాడు. పాతికేళ్ళలో అతను ఇంకొకరి వెనక కూర్చోవడం ఎవరూ చూడలేదు.

"ఏంటి నవ్వుతున్నారు?" అని గుంపు మీద గర్జించాడు. "ఇవాళ ఈ పిల్ల ముందు. దీన్ని ఎవడూ దాటకూడదు. నలభై. రుబియేలా నలభై అంది."

"నడిచి వెళ్తే మీకంటే ముందు చేరతాం," అని అరిచాడు ఆర్నుల్ఫో.

బండ్లు కదిలాయి. గంటకి రెండువందలు పోగల యంత్రాలు పద్దెనిమిది, గొంతు నొక్కుకుని, ఒకదాని వెనక ఒకటి, పెళ్ళికూతురి వెనక చుట్టాల్లా కొండ ఎక్కాయి. దుంపల లారీ ఒకటి హారన్ కొడుతూ వాళ్ళందరినీ దాటేసింది. ఒక్కడూ వరస తప్పలేదు. రుబియేలా రోడ్డు మధ్యకి వచ్చి చివరి ఎర్రదీపం మలుపు తిరిగేదాకా చూసింది. ఇన్నేళ్ళలో ఆమె వందమందికి చెప్పి ఉంటుంది మెల్లగా వెళ్ళమని. విన్నది ఇవాళే.

వెనక్కి తిరిగేసరికి బకెట్టు మీద నెవార్దో తల్లి దోన్యా ఎర్మెలీనా కూర్చుని ఉంది. బండ్ల వెనకే జీపులో వచ్చి, వాళ్ళు వెళ్ళేదాకా పక్కనే నిలబడిందట. ఎనభై ఏళ్ళ మనిషి, నల్ల శాలువా. ఒళ్ళో గుడ్డలో చుట్టిన వేడి అరెపాలు, మొక్కజొన్న రొట్టెలు.

"తిను తల్లీ. నీకే తెచ్చాను."

"మీకెందుకమ్మా శ్రమ?"

"శ్రమా? మొన్న రాత్రి నా టైరు మళ్ళీ గోడెక్కింది, అది నీ చలవే. నేను చర్చిలో పూజకి వెళ్ళినప్పుడు నెవార్దో దింపేశాడు, నన్నొక్క మాట అడగలేదు. వచ్చి చూస్తే గోడ ఖాళీ. మూడ్రోజులు ఆ బల్ల దగ్గర కూర్చుంటే ముద్ద దిగలేదు. అందరూ, ఆహా ఎంత మంచి ఆలోచనో అన్నారు. వద్దు అని నువ్వొక్కదానివే అన్నావట." పెద్దావిడ రుబియేలా చెయ్యి తన రెండు చేతుల్లోకీ తీసుకుంది. నూనె మరకలు శాలువాకి అంటుతున్నా వదల్లేదు. "పోయిన నా చిన్నకొడుకుని రోడ్డు మీద అరగనివ్వలేదు నువ్వు. నీ మేలు మర్చిపోను."

రుబియేలా అరెపా తుంచి నోట్లో పెట్టుకుంది, మాట్లాడకుండా ఉండటానికి.

"ఒకటి అడుగుతాను, నిజం చెప్పు," అంది ఎర్మెలీనా. "టైర్ల విషయంలో నువ్వు ఎవరికీ అబద్ధం చెప్పవంటారు. నాకు ఇంకేం చెయ్యాలో తెలీలేదు, తెలిసిందే చేశాను. బాగానే చూసుకున్నానా దాన్ని?"

రుబియేలా నమిలింది మింగింది. పెద్దావిడ మొహంలోకి సూటిగా చూసింది.

"ఇరవై రెండేళ్ళుగా టైర్లు చూస్తున్నానమ్మా," అంది. "ఇంత బాగా చూసుకున్న టైరు నా చేతికి ఇంకోటి రాలేదు."

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఎర్మెలీనా తల ఊపి, శాలువా సర్దుకుని, ఇంకో అరెపా ఆమె చేతిలో పెట్టింది.